వీడియో కూర్పునకు సొంత కంప్యూటరు: కొనుటకు ముందు వేసికొనదగిన లెక్కలు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ముందుగా అంచనా వేసికొనక దిగినవారు నడుమ చిక్కుపడుదురని ఆ సామెత హెచ్చరించుచున్నది. ఇటీవల మన మధ్యతరగతి కుటుంబములకు అట్టి మూడవ కార్యమొకటి వచ్చి చేరినది. కళాశాలలో విజువల్ కమ్యూనికేషను చదువుచున్న కుమారుడో కుమార్తెయో వీడియో ఎడిటింగునకు మంచి కంప్యూటరు కావలెనని కోరుచు, అంగడివారు వ్రాసియిచ్చిన కాగితమును తల్లిదండ్రుల చేతిలో పెట్టుదురు. అడుగున రెండు లక్షలో మూడు లక్షలో మొత్తము కనబడును. పైనున్న పేర్లలో ఒక్కటియు పెద్దలకు బోధపడదు. బిడ్డ కోరికను కాదనుటకు మనసొప్పదు. అర్థము కాని వస్తువుపై అంత సొమ్ము పెట్టుటకు ధైర్యము చాలదు.

మా సంఘ పాఠశాలలో చదివి పైకి వెళ్లిన విద్యార్థుల తల్లిదండ్రులు కొందరు ఈ సమస్యతో మావద్దకు వచ్చియున్నారు. వారికి విడివిడిగా చెప్పిన మాటలనే ఇచట క్రమముగా కూర్చి అందరి యెదుట ఉంచుచున్నాము. ఈ వ్యాసమంతటి సారము ఒక్క వాక్యములో చెప్పవచ్చును: యంత్రమును ధరను బట్టి గాక పనిని బట్టి నిర్ణయింపవలెను, దాని భాగములన్నియు ఒకదానితో నొకటి తూగునట్లు ఎన్నుకొనవలెను.

చెన్నపురిలో కూర్పు పని

చెన్నపురి తెలుగువారికి ఈ వృత్తి క్రొత్తది కాదు. మన సినిమాల పేర్ల వరుసలో "కూర్పు" అను మాటను చూచుచు పెరిగిన కుటుంబములు మనవి. వడపళని ప్రాంతమున విజయా, వాహినీ సంస్థలు వెలిగిన కాలమున 1951 నాటి 'పాతాళభైరవి', 1957 నాటి 'మాయాబజార్' వంటి చిత్రములు ఈ నగరముననే తయారైనవి. ఆనాడు కూర్పనగా నిజముగా కత్తిరించి అతికించుటయే. 35 మిల్లీమీటర్ల ఫిలిము సెకనుకు 24 బొమ్మల చొప్పున నిమిషమునకు 90 అడుగులు నడచును. మూడు గంటల చిత్రమనగా 16,200 అడుగులు, అనగా దాదాపు ఐదు కిలోమీటర్ల నిడివి. తీసిన ఫిలిము అంతకు పెక్కు రెట్లు ఉండును. దానినంతటిని మువియోలా వంటి యంత్రముపై త్రిప్పి చూచి, కావలసిన తునకలను ఏర్చి అతికించెడివారు. ఆ యంత్రములు స్టూడియోలు కొనదగినవే గాని గృహస్థులు కొనదగినవి కావు.

1989లో అమెరికా దేశపు అవిడ్ సంస్థ కంప్యూటరుపై కూర్పు చేయు సాధనమును విపణికి తెచ్చినది. తరువాతి దశాబ్దమున ఆ పద్ధతి మన దేశమునను వ్యాపించినది. తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా హైదరాబాదునకు తరలినను, కూర్పు విద్య మాత్రము ఈ నగరమును విడిచిపోలేదు. జాతీయ పురస్కారములను పలుమార్లు అందుకొన్న ఎ. శ్రీకర్ ప్రసాద్ గారు చెన్నపురిలో నివసించిన తెలుగు కుటుంబమునకు చెందినవారే. వారి తండ్రి అక్కినేని సంజీవి గారును ఎడిటరే. సాలిగ్రామమునందలి ఎల్. వి. ప్రసాద్ ఫిల్ము అకాడమీలోను, తరమణియందలి ప్రభుత్వ ఎం. జి. ఆర్. సంస్థలోను ఈ విద్యను శాస్త్రీయముగా నేర్పుచున్నారు.

నాటికిని నేటికిని ముఖ్యముగా మారినది ఒక్కటే. స్టూడియోకు చెందిన పనిముట్టు మన ఇంటి బల్లమీదికి వచ్చినది. దానిని సమకూర్చు భారము కూడ స్టూడియో యజమాని నుండి తల్లిదండ్రుల పైకి వచ్చినది. కనుకనే ఆ యజమాని వేసికొనిన లెక్కలను మనమును వేసికొనవలసియున్నది.

మొదటి ప్రశ్న: పని ఏది?

అంగడికి పోవుటకు ముందు బిడ్డను కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలు అడుగవలెను. ఏ కెమెరాతో తీసిన దృశ్యములను కూర్చెదవు? నెలకు ఎన్ని గంటల దృశ్యములు వచ్చును? పూర్తియైన వీడియో ఎచట ప్రదర్శింపబడును? ఈ మూడింటికి సమాధానములు కాగితముపై వ్రాయించినచో యంత్రము సగము నిర్ణయమైనట్లే.

మొదటి ప్రశ్నకు గల ప్రాముఖ్యమును అంకెలలో చూడుడు. హెచ్. డి. అనబడు చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును, మొత్తము 20,73,600. నేడు 4కె అనబడుదానిలో 3840, 2160 చొప్పున మొత్తము 82,94,400 చుక్కలు. అనగా పని సరిగా నాలుగు రెట్లగును. హెచ్. డి. పనికి చాలిన యంత్రము 4కె పనికి చాలదనుటకు ఇదియే మూలము.

కెమెరా ఆ చుక్కలన్నిటిని ఉన్నవి ఉన్నట్లు దాచదు. పలు కెమెరాలును ఫోనులును హెచ్.264, హెచ్.265 అను పద్ధతులలో దృశ్యమును కుదించి దాచును. ఈ కుదింపును కిరాణా కొట్టు ఖాతాతో పోల్చవచ్చును. ఒకనాడు నిలువ సరకంతయు వ్రాసి, తరువాతి దినములలో వచ్చినదానిని పోయినదానిని మాత్రమే వ్రాయు వర్తకుని వద్ద పదునాలుగవ నాటి నిలువ ఎంతయని అడిగినచో, అతడు మొదటినుండి కూడుచు తీసివేయుచు రావలెను. కంప్యూటరును అట్లే, ఒక బొమ్మను చూపవలెనన్న దాని ముందు వెనుకల బొమ్మలను కూడ విప్పి చూడవలెను. కావుననే ఫైలు చిన్నదైనను పని బరువగును. దీనికి మారుగా ప్రోరెస్ వంటి పద్ధతులలో ప్రతి బొమ్మయు తనంతట తాను సంపూర్ణముగా నుండును. అందు యంత్రమునకు శ్రమ తక్కువ. చోటు ఎక్కువ పట్టును. సెకనుకు 100 మెగాబిట్ల వేగముతో దాచు కెమెరాలో ఒక గంట దృశ్యమునకు 45 గిగాబైట్లు పట్టగా, అదే 4కె దృశ్యమునకు సెకనుకు 25 బొమ్మల లెక్కన ప్రోరెస్ 422 పద్ధతిలో సుమారు 220 గిగాబైట్లు పట్టును.

ఇచట తల్లిదండ్రులు తెలిసికొనదగిన ఉపాయమొకటి కలదు. కూర్పు కార్యక్రమములలో ప్రాక్సీ అను సదుపాయమున్నది. అసలు దృశ్యములకు చిన్న నకళ్లు తయారుచేసి, ఆ నకళ్లపై కూర్పు సాగించి, తుదకు అసలు దృశ్యములతో పూర్తిచేయుటయే ఆ పద్ధతి. నేర్చుకొనుచున్న విద్యార్థి ఫోనుతోనో చిన్న కెమెరాతోనో తీసిన ఐదారు నిమిషముల చిత్రములను కూర్చుటకు, ఇంటనున్న ఓ మాదిరి కంప్యూటరే ఈ ఉపాయముతో చాలును. కావున వెంటనే పెద్ద యంత్రము అవసరమా అను ప్రశ్నకు చాలమంది విషయమున కాదనియే సమాధానము. ఒక సంవత్సరము పని చేసి, ఏ ఘట్టమున యంత్రము వెనుకబడుచున్నదో గుర్తించిన విద్యార్థి అడుగు కంప్యూటరునకును, అంగడివారి మాట విని అడుగు కంప్యూటరునకును చాల భేదముండును.

భాగములు, వాని తూకము

పెద్ద యంత్రము నిజముగా అవసరమైన పిమ్మట భాగముల మాట వచ్చును. పెండ్లి వంటశాలను తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును. ప్రధాన వంటవాడు ప్రాసెసరు. ఒకే పనిని ఒకేసారి చేయు కూరలు తరుగువారి బలగము గ్రాఫిక్ కార్డు. వంటవాని యెదుటనున్న గట్టు ర్యాము. ప్రక్క గదిలోని సరకుల కొట్టు ఎస్. ఎస్. డి. పెరటిలోని గాదె హార్డ్ డిస్కు. గట్టు ఇరుకైనచో నలుగురు వంటవారున్నను ఫలము లేదు. కొట్టునుండి బియ్యము ఆలస్యముగా వచ్చినచో పొయ్యి వృథాగా మండును. అన్నిటికంటె నిదానమైన భాగమే తక్కిన వాని వేగమును నిర్ణయించును. ఒక్క గ్రాఫిక్ కార్డునకే సొమ్మంతయు పోసి తక్కినవానిని చౌకలో ముగించిన యంత్రములను మేము చూచియున్నాము. అవి ఆటలకు పనికివచ్చును గాని కూర్పునకు అక్కరకు రావు.

ప్రాసెసరును ఎన్నుకొనునప్పుడు కెమెరాను మరువరాదు. ఇటీవలి కెమెరాలు కొన్ని 4:2:2 పది బిట్లు అను పద్ధతిలో వర్ణవివరములను హెచ్చుగా దాచును. హెచ్.265లో అట్టి దృశ్యములను విప్పు ప్రత్యేక సదుపాయము ఇంటెల్ ప్రాసెసర్ల అంతర్గత గ్రాఫిక్స్‌లో కొన్ని తరములుగా కలదు. ఎన్‌విడియా సంస్థ దానిని 2025లో వెలువడిన 50 వరుస కార్డులతో తెచ్చినది. ఈ సదుపాయము లేని యంత్రము ఎంత ఖరీదైనదైనను అట్టి దృశ్యములకడ తడబడును. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అను అక్షరమున్నచో అందు అంతర్గత గ్రాఫిక్స్ ఉండదు. కొద్దిపాటి వెల తగ్గునని ఆ రకమును అంటగట్టుట కలదు గనుక ఆ ఒక్క అక్షరమును జాగ్రత్తగా చూడవలెను.

ర్యాము ఎంత కావలెనో లెక్కతో చెప్పవచ్చును. వర్ణములను దిద్దునప్పుడు కార్యక్రమము ఒక్కొక్క చుక్కకు 16 బైట్లు వాడినచో, ఒక 4కె బొమ్మకు సుమారు 133 మెగాబైట్లు, సెకనుకు 25 బొమ్మలకు 3.3 గిగాబైట్లు అగును. ఇట్టివి పలు పొరలు ఒకదానిపై నొకటి వచ్చినప్పుడు గట్టు నిండిపోవుట సహజము. హెచ్. డి. పనికి 32 గిగాబైట్లు, 4కె పనికి 64 గిగాబైట్లు సమంజసమని మా అభిప్రాయము. 128 గిగాబైట్లు దృశ్యమాయలు కల్పించువారికే అవసరము. మొదట రెండు పలకలుగా కొని, రెండు గాళ్లు ఖాళీగా నుంచుకొనుట మంచిది. గ్రాఫిక్ కార్డునకును సొంత మెమొరీ ఉండును; 4కె పనికి అది 12 లేక 16 గిగాబైట్లు ఉండవలెను.

కార్యక్రమమును బట్టియు తూకము మారును. డావిన్సీ రిజాల్వ్ గ్రాఫిక్ కార్డుపై హెచ్చుగా ఆధారపడును. అడోబీ ప్రీమియర్ ప్రాసెసరుపైనను, కుదించిన దృశ్యమును విప్పు సదుపాయముపైనను హెచ్చుగా ఆధారపడును. రిజాల్వ్ కార్యక్రమపు ఉచిత ప్రతి 3840, 2160 చుక్కల వరకు వీడియోను తయారుచేయగలదు. విద్యార్థికి అది చాలును. ప్రీమియరునకు ఎడతెగక చందా కట్టవలెను. ఆ చందాను సంవత్సరపు వ్యయములో చేర్చుకొనవలెను. దొంగప్రతులను ఇంట అడుగుపెట్టనీయరాదు. అది చట్టవిరుద్ధమగుటయే గాక, వానితోపాటు వచ్చు దుష్ట కార్యక్రమములు నెలల శ్రమను ఒక్క రాత్రిలో రూపుమాపగలవు.

నిలువ, దాని భద్రత

నిలువ విషయమున ప్రకటనలలోని వేగములకు మోసపోరాదు. సెకనుకు 7,000 మెగాబైట్లు చదువు ఎస్. ఎస్. డి.లు నేడు దొరకుచున్నవి. మూడు కెమెరాల 4కె ప్రోరెస్ దృశ్యములను ఒక్కసారి నడుపుటకు కావలసినది సెకనుకు 185 మెగాబైట్లు మాత్రమే. హార్డ్ డిస్కు వరుసగా చదువునప్పుడు 150 నుండి 250 మెగాబైట్ల వరకు ఇచ్చును గాని, మూడు ఫైళ్ల నడుమ తిరుగునప్పుడు ఆ వేగము పడిపోవును. కావున పని జరుగు చోట ఎస్. ఎస్. డి. ఉండవలెను, అయితే అది మిక్కిలి ఖరీదైన రకము కానక్కరలేదు. మిగిలిన ఆ సొమ్మును నిలువ పరిమాణమునకు వినియోగించుట మేలు.

రెండవ ప్రశ్న ఇచట ఉపయోగపడును. పెండ్లిండ్లు తీయు యువకుడు రెండు కెమెరాలతో ఆరేసి గంటలు తీసినచో 12 గంటలకు 540 గిగాబైట్లు. సంవత్సరమునకు ఇరువది పెండ్లిండ్లయినచో 10.8 టెరాబైట్లు. కావున కంప్యూటరు కార్యక్రమములకు ఒక టెరాబైటు ఎస్. ఎస్. డి., జరుగుచున్న పనికి వేరుగా రెండు టెరాబైట్ల ఎస్. ఎస్. డి., నిలువకు పెద్ద హార్డ్ డిస్కులు అను మూడంచెల ఏర్పాటు చేసికొనవలెను.

నిలువ కంటె ముఖ్యమైనది నకలు. ఏ వస్తువునకైనను మూడు ప్రతులు, రెండు వేర్వేరు సాధనములపై, ఒకటి వేరొక చోట ఉండవలెనని ఈ వృత్తివారి నియమము. ఈ నియమపు విలువ చెన్నపురి వారికి వేరుగా చెప్పనక్కరలేదు. 2015 డిసెంబరు వరదలలోను, 2023 డిసెంబరు నాటి మిచాంగ్ తుపానులోను నేల అంతస్తులలోనికి నీరు చొచ్చి ఎన్ని ఇండ్లలో వస్తువులు పాడైనవో మనమెరుగుదుము. ఒక హార్డ్ డిస్కును వేరొక పేటలో మేడపైనున్న బంధువుల ఇంట ఉంచినచో వ్యయమేమియు లేదు. కంప్యూటరును నేలపై గాక బల్లపై నుంచుట మంచిది. కంప్యూటరు పోయినచో మరల కొనవచ్చును. ఒక పెండ్లి వీడియో పోయినచో ఆ పెండ్లిని మరల చేయలేము. ఇంటి పెద్దల గొంతు పోయినచో దానిని తెచ్చువారు లేరు.

విద్యుత్తు, వేడి

పవర్ సప్లై అనునది కంటికి కనబడని భాగము గనుక అంగడివారు చౌకరకము పెట్టుట ఇచటనే. గ్రాఫిక్ కార్డు 300 వాట్లు, ప్రాసెసరు 250 వాట్లు, తక్కినవి 100 వాట్లు పుచ్చుకొన్నచో మొత్తము 650 వాట్లు. అట్టి యంత్రమునకు పేరుగల సంస్థ తయారుచేసిన 850 వాట్ల పవర్ సప్లై ఉండవలెను. యు. పి. ఎస్. విషయమున మరియొక పొరపాటు తరచుగా జరుగును. ఇండ్లలో సాధారణముగా కనబడు 600 వి. ఎ. యు. పి. ఎస్. ఇచ్చునది 360 వాట్ల ప్రాంతము మాత్రమే. అది పెద్ద యంత్రమును మోయలేదు. కరెంటు పోయిన తక్షణమే యంత్రమును ఆగిపోవును. కావున దానిపై వ్రాసియున్న వి. ఎ.ను గాక వాట్లను చూడవలెను. పని భద్రపరచి యంత్రమును ఆపుటకు ఐదు పది నిమిషములు నిలిచిన చాలును.

విద్యుత్తు ఖర్చును కూడ లెక్కింపవలెను. సగటున 400 వాట్ల చొప్పున దినమునకు ఆరు గంటలు నడచినచో 2.4 యూనిట్లు; రెండు నెలల బిల్లులో 144 యూనిట్లు. మన రాష్ట్రమున వాడకము పెరిగినకొలది యూనిట్ ధరయు పెరుగును గనుక ఈ 144 యూనిట్లు పై మెట్టు ధరలో పడవచ్చును. ఏ. సి. యంత్రమును నడిపినచో ఆ ఖర్చు వేరు. మే మాసమున ఉష్ణము 40 డిగ్రీలు దాటు ఈ నగరమున గాలి ధారాళముగా ఆడు కేబినెట్టు, దుమ్మును ఆపు జల్లెడలు అవసరములు. గాజు పలకలు, రంగురంగుల దీపములు అవసరములు కావు. వాని వెలను మానిటరునకు మరల్చుట ఉచితము.

తెర, తెలుగు లిపి

మానిటరు కూర్పరికి కన్ను వంటిది. అది చూపు రంగు తప్పైనచో, దానిని నమ్మి దిద్దిన వీడియోలో పెండ్లికూతురి పసుపు చీర వేరొకరి ఇంటిలో ఆకుపచ్చగా కనబడును. ఐ. పి. ఎస్. రకపు పలక, ఎస్. ఆర్. జి. బి. వర్ణములను పూర్తిగా చూపు శక్తి కనీసముగా ఉండవలెను. మానిటరు పలు కంప్యూటర్లకంటె ఎక్కువకాలము నిలుచును గనుక ఇచట పొదుపు చేయరాదు.

మన బిడ్డలకు ప్రత్యేకమైన పరీక్ష యొకటి కలదు. వీడియోలో తెలుగు పేర్లు వేయునప్పుడు ఒత్తులు విడిపోవుట, గుణింతపు గుర్తులు దారితప్పుట పలుచోట్ల చూచుచున్నాము. కూర్పు కార్యక్రమము దక్షిణాసియా లిపులకు తగినట్లు అమర్చబడకపోవుటయు, యూనికోడునకు చెందని పాత అచ్చు ఫాంట్లను వాడుటయు దీనికి కారణములు. ప్రీమియరునందు దక్షిణాసియా లిపుల కొరకు వేరుగా ఒక అమరిక కలదు. దానిని ఎన్నుకొన్నచో అక్షరములు సరిగా కూడుకొనును. మండలి, మల్లన్న, రామభద్ర వంటి యూనికోడు ఫాంట్లు ఉచితముగానే లభించుచున్నవి. "శ్రీకృష్ణార్జునులు", "రాష్ట్రము" వంటి మాటలను వ్రాయించి చూచినచో లోపము వెంటనే బయటపడును. ఈ నగరమున చక్కని తెలుగు అక్షరములతో పేర్లును ఉపశీర్షికలును కూర్చగల యువకునికి చేతినిండ పని దొరకుననియు, మా పాఠశాలలో నేర్చిన లిపి ఇచట అన్నము పెట్టగలదనియు మా విశ్వాసము.

రిచీ వీధిలో

అన్నాసాలైకి చేరువలో, చింతాద్రిపేటకు ప్రక్కగా నున్న రిచీ వీధియు దాని చుట్టుపట్ల సందులును ఈ వస్తువులకు పేరుపొందిన విపణి. అచటికి పోవునప్పుడు పాటింపదగిన నియమములు ఇవి.

మొదటిది: ఒకే పట్టికను మూడు అంగళ్లలో చూపి వెలలు వ్రాయించుకొనవలెను. "16 జి. బి. గ్రాఫిక్ కార్డు" అని గాక, సంస్థ పేరు, మోడలు పేరు పూర్తిగా వ్రాయవలెనని పట్టుపట్టవలెను.

రెండవది: ప్రతి భాగమునకును జి. ఎస్. టి. రశీదు, అందు క్రమసంఖ్య ఉండవలెను. రశీదు లేక తగ్గించి ఇచ్చు వెల, రేపు వారంటీ అడుగునప్పుడు మనము చెల్లించు వెల. డబ్బాలన్నిటిని భద్రముగా దాచుకొనవలెను.

మూడవది: వారంటీ మన దేశమున చెల్లునా, ఎన్ని సంవత్సరములు, మరమ్మతు ఈ నగరములోనే జరుగునా అని అడుగవలెను. మంచి ఎస్. ఎస్. డి.లకు సాధారణముగా ఐదేండ్లు, ప్రాసెసరునకు మూడేండ్లు ఉండును.

నాలుగవది: యంత్రమును కూర్చిన పిమ్మట ఇంటికి తెచ్చుటకు ముందే, బిడ్డ తన సొంత దృశ్యములను తీసికొనిపోయి అరగంట సేపు వీడియో తయారుచేయించి, వేడిని, శబ్దమును, వేగమును పరీక్షింపవలెను.

ఐదవది: మదర్ బోర్డు ముందుముందు క్రొత్త ప్రాసెసరును స్వీకరించునా అని చూడవలెను. ఎ. ఎం. డి. సంస్థ తన ఎ. ఎం. 5 అమరికను 2027 వరకును, ఆ పైనను కొనసాగింతుమని ప్రకటించినది. అట్టి బోర్డు కొన్నచో కొన్నియేండ్ల పిదప ఒక్క ప్రాసెసరును మాత్రమే మార్చుకొనవచ్చును. కెమెరాను బట్టి చూడవలసిన 4:2:2 సంగతిని అప్పుడు గ్రాఫిక్ కార్డు విషయమున సరిచూచుకొనవలెను.

సొమ్మును పంచుట

మానిటరును విడిచి, యంత్రమునకు పెట్టు ప్రతి నూరు రూపాయలను మేము ఈ విధముగా పంచెదము: గ్రాఫిక్ కార్డునకు 26, ప్రాసెసరునకు 18, నిలువకును నకళ్లకును 16, ర్యామునకు 13, మదర్ బోర్డునకు 10, పవర్ సప్లైకి 6, కేబినెట్టునకును చల్లబరచు సాధనములకును 6, యు. పి. ఎస్.కు 5. ఇది శిలాశాసనము కాదు. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధకు సంబంధించిన సమాచార కేంద్రములు మెమొరీ చిప్పులను విరివిగా కొనుటచే ర్యాము ధరలు వేగముగా పెరిగినవి. అట్టి సమయమున మొదట 32 గిగాబైట్లతో సరిపెట్టుకొని, ప్రాక్సీల సాయమున పని నడుపుకొని, ధరలు దిగినప్పుడు పెంచుకొనుట వివేకము. అప్పుచేసి అన్నిటిని ఒకేనాడు కొనవలసిన అవసరము ఏ యంత్రమునకును లేదు. అన్నివిధముల నాణ్యమైన బోర్డును, పవర్ సప్లైని, కేబినెట్టును మొదట ఏర్పరచుకొన్నచో తక్కినవి సంపాదనను బట్టి చేర్చుకొనవచ్చును. విడిభాగములతో కూర్చు కంప్యూటరునకు గల పెద్ద సుగుణము ఇదియే.

తల్లిదండ్రులకు మా విన్నపము. ఈ లెక్కలన్నియు మీకే తెలిసియుండవలెనని మేము కోరము. మీ బిడ్డకు తెలిసియుండవలెను. మూడు ప్రశ్నలకు సమాధానములును, ప్రతి భాగము ఎందుకు కావలెనో ఒక్కొక్క వాక్యమును వ్రాసి తెమ్మని అడుగుడు. తెలుగులోనే వ్రాయుమని అడుగుడు. తాను కొనగోరు వస్తువు తల్లికి అర్థమగునట్లు తల్లిభాషలో చెప్పగలిగినవాడు ఆ వస్తువును అర్థము చేసికొనినవాడే. అట్టి కాగితమును తెచ్చిన బిడ్డకు సొమ్మిచ్చుటకు సంకోచింపవలదు. తేలేనిచో కోపింపక, ఒక యేడు గడువిచ్చి, ఇంటనున్న యంత్రముపైననే తాతగారి మాటలనో అమ్మమ్మ పాటలనో ఐదు నిమిషముల చిత్రముగా కూర్చి చూపుమని చెప్పుడు. ఆ యేటి పనియే తరువాతి యంత్రమునకు సరియైన అంచనా వేయును; ఆ ఐదు నిమిషముల చిత్రము ఇంటివారికి నిలిచియుండును.